అప్పటికి మీకెన్నేళ్లు? ఇంట్లో పెద్దవాళ్ల కాలాన్ని లెక్కగట్టడం ఎలా

మా తాతయ్య ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా దాని కవరు పారేయనిచ్చేవారు కాదు. బ్యాంకు కవరైనా, కరెంటు బిల్లు కవరైనా సరే, బ్లేడుతో మూడు వైపులా నెమ్మదిగా కోసి, విప్పి, అరచేత్తో రుద్ది చదును చేసి, లోపలి తెల్ల వైపు పైకి వచ్చేలా పేర్చి, సైజుల వారీగా క్లిప్పు పెట్టి సొరుగులో దాచేవారు. ఫోన్ నంబర్లు, మందుల టైములు, ఇంటి లెక్కలు అన్నీ వాటి మీదే. పక్క సొరుగులో మేం కొనిచ్చిన కొత్త నోటుబుక్కులు ఐదారు అలాగే ఉండేవి, ఒక్కదాని మీదా గీత పడలేదు. ఒకసారి ఇల్లు మారుతున్నప్పుడు చెత్త అనుకుని రెండు కట్టలు పారేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పీనాసితనం అనుకున్నాను, పైకి అనలేదు గానీ ముఖంలో కనబడే ఉంటుంది.

చాలా నెలల తర్వాత వేరే ఏదో మాట మధ్యలో అన్నారు: "యుద్ధమప్పుడు బళ్లో కాగితం దొరికేది కాదురా, పేజీ నిండా పెన్సిల్‌తో రాసి, అయిపోయాక అడ్డంగా తిప్పి దాని మీదే సిరాతో రాసేవాళ్లం." ఆయన పుట్టింది 1934లో. కాగితం కరువు 1943లో అంటే తొమ్మిదేళ్లు. మూడో క్లాసో నాలుగో క్లాసో చదివే పిల్లాడన్నమాట. ఈ తీసివేత లెక్క నేను ముందే చేసి ఉంటే ఆ రెండు కట్టలు ఇప్పటికీ ఉండేవి.

అప్పట్నుంచి ఎవరైనా పెద్దవాళ్లు నాకు అర్థం కాని పని చేస్తుంటే ముందు తీసివేత చేస్తున్నాను. ఎలా చేయాలో, ఎక్కడ బోల్తా పడతామో రాస్తాను. కావలసింది ఒక పెద్ద కాగితం, పెన్సిల్, కాస్త ఓపిక.

కాగితం మీద ఎడమ పక్కన పేర్లు రాయండి, పెద్దవాళ్లతో మొదలుపెట్టి పిల్లల దాకా, ఒక్కొక్కరి పక్కన పుట్టిన సంవత్సరం. పైన అడ్డంగా సంఘటనలు. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది, చరిత్ర పుస్తకంలో ఉన్నవన్నీ ఎక్కించేస్తారు. ఏడెనిమిదికి మించొద్దు. అందులో సగం లోకానికి జరిగినవి, సగం మీ ఇంటికి జరిగినవి ఉండాలి: ఉద్యోగం పోవడం, ఊరు వదలడం, ఇంట్లో ఒకరు చిన్న వయసులో పోవడం, మొదటిసారి ఫోన్ రావడం, ఇలాంటివి. ఎందుకంటే చరిత్ర ఎవరి ఇంటికీ చరిత్రలా రాదు. తాతయ్యకు రెండో ప్రపంచ యుద్ధం కాగితం లేకపోవడంగా వచ్చింది. ఇప్పుడు గళ్లలో వయసులు నింపండి. మా ఇంటి కాగితంలో కొంత భాగం ఇలా ఉంది:

తాతయ్య (1934): యుద్ధం ముగిసినప్పుడు 11, మనిషి చంద్రుడి మీద దిగినప్పుడు 35, కోవిడ్ వచ్చినప్పుడు 86.
నాన్న (1961): చంద్రుడప్పుడు 8, బెర్లిన్ గోడ కూలినప్పుడు 28, 2008 ఆర్థిక సంక్షోభమప్పుడు 47.
నేను (1990): 2001 సెప్టెంబరు దాడులప్పుడు 11, 2008లో 18, కోవిడప్పుడు 30.
మేనకోడలు (2009): కోవిడప్పుడు 11.

ఇప్పుడు 10కీ 25కీ మధ్య పడిన గళ్లన్నిటి చుట్టూ సున్నా చుట్టండి. సగం పని అయిపోయినట్టే.

ఆ వయసే ఎందుకంటే, ఇది నేను గాల్లోంచి తీసింది కాదు. కార్ల్ మాన్‌హైమ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1928లో తరాల గురించి ఒక వ్యాసం రాశాడు, ఈ విషయం మీద ఇప్పటికీ అందరూ అక్కడికే వెళ్తారు. ఆయన చెప్పింది టూకీగా ఏమిటంటే, ఒకే ఏడాది పుట్టినంత మాత్రాన ఒక తరం అయిపోరు, ఒకే సంఘటన మధ్య ఒకే వయసులో చిక్కుకోవాలి. దాదాపు పదిహేడేళ్లప్పుడు, కొందరికి కాస్త ముందు, కొందరికి కాస్త తర్వాత, మనిషి లోకాన్ని సొంతంగా ప్రశ్నించడం మొదలుపెడతాడు, అప్పుడు కళ్ల ముందు ఏం నడుస్తుంటే అదే "మామూలు లోకం" అయి కూర్చుంటుంది. తర్వాత వచ్చేవాటినన్నిటినీ దానితోనే కొలుస్తాడు. ఇంకో మాట కూడా అన్నాడు, దీన్ని చాలామంది వదిలేస్తారు: ఒకే తరంలో ఒకే సంఘటనకు పూర్తిగా ఎదురెదురు దారులు పట్టే గుంపులు ఉంటాయి. కాబట్టి మీ పెదనాన్న, మీ నాన్న ఒకే కాలంలో పెరిగి రాజకీయాల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోకపోతే లెక్క తప్పిందనుకోవద్దు. వాళ్లిద్దరూ కొట్టుకుంటున్నది ఒకే ప్రశ్న గురించి, ఆ ప్రశ్నే వాళ్ల తరం.

మాన్‌హైమ్ ఆలోచనను తర్వాత సర్వేలో పెట్టి చూశారు. హోవార్డ్ షూమన్, జాక్వెలిన్ స్కాట్ అనే ఇద్దరు 1985లో అమెరికాలో దాదాపు 1,400 మందిని, గత యాభై ఏళ్లలో దేశంలో గానీ ప్రపంచంలో గానీ జరిగిన ముఖ్యమైన విషయాలు ఒకటి రెండు చెప్పమన్నారు. అందరి ముందూ అదే యాభై ఏళ్లు. అయినా ఎక్కువమంది తాము టీనేజీలోనో ఇరవైల మొదట్లోనో ఉన్నప్పుడు జరిగినదాన్నే పట్టుకున్నారు. ఇది మీరూ ఇప్పుడే చేసి చూడొచ్చు. రాత్రి అందరూ కూర్చున్నప్పుడు ఇదే ప్రశ్న, యాభై ఏళ్ల గడువు లేకుండా, అడగండి, కాగితం మీ చేతిలో ఉంచుకుని, సున్నా చుట్టిన గళ్లతో ఎన్ని కలుస్తాయో చూడండి. మా ఇంట్లో నలుగురిలో ముగ్గురివి కలిశాయి. నాన్నది మాత్రం కలవలేదు, ఆయన చంద్రుడు అన్నారు, ఎనిమిదేళ్లప్పటిది. కలవనివి వస్తే ఇంకా మంచిది, అక్కడ అడగడానికి ఏదో ఉందన్నమాట.

(బూమర్లు, మిలెనియల్స్, జెన్ జీ అనే లేబుళ్లు ఈ కాగితం మీద రాయొద్దు. బూమర్ అనేది అమెరికాలో 1946 నుంచి 1964 దాకా కాన్పులు విపరీతంగా పెరిగిన కాలం నుంచి వచ్చిన పేరు. మిగతావాటి సరిహద్దులు ఒక్కొక్కరు ఒక్కోలా గీస్తారు. ఈ పేర్లను బాగా జనంలోకి తెచ్చిన సంస్థల్లో ఒకటైన ప్యూ రీసెర్చ్ సెంటరే 2023లో ఇకమీదట వీటిని ఆచితూచి వాడతామని చెప్పింది. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కు పనికొస్తాయి, తాతయ్యను అర్థం చేసుకోవడానికి పనికిరావు.)

వయసు తేడా ఏడెనిమిదేళ్లే అయినా కొట్టిపారేయొద్దు. దీన్ని గ్లెన్ ఎల్డర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త చూపించినంత బాగా ఎవరూ చూపించలేదనుకుంటాను. 1929లో అమెరికాలో మొదలైన మహా మాంద్యంలో పెరిగిన పిల్లల్ని ఆయన దశాబ్దాల పాటు సాగిన రికార్డుల్లో వెతికి పట్టుకున్నాడు. రెండు గుంపులు. ఓక్లండ్‌లో పెరిగినవాళ్లు 1920, 21లో పుట్టారు, పక్కనే ఉన్న బర్క్‌లీ పిల్లలు 1928, 29లో. అదే కరువు, అవే పోయిన ఉద్యోగాలు, పక్కపక్క ఊళ్లు. ఓక్లండ్ పిల్లలకు గడ్డుకాలం వచ్చేసరికి పదేళ్లు దాటుతున్నాయి, అంటే మగపిల్లలు ఏదో చిన్న పని చేసి నాలుగు డబ్బులు తేగలరు, ఆడపిల్లలు ఇంటి పని అందుకోగలరు. ఇంటికి వాళ్ల అవసరం ఉంది, ఆ సంగతి వాళ్లకూ తెలుసు. బర్క్‌లీ పిల్లలు అప్పుడు ఒళ్లో పిల్లలు, అమ్మానాన్నల గొడవల మధ్య ఏమీ చేయలేని వయసు. బాగా దెబ్బతిన్న ఇళ్లలో పెరిగిన బర్క్‌లీ మగపిల్లలే టీనేజీకి వచ్చేసరికి ఎక్కువ తడబడ్డారు. బర్క్‌లీ ఆడపిల్లలు అంతగా దెబ్బతినలేదు, అమ్మతో దగ్గరితనం వాళ్లను కాపాడిందని ఎల్డర్ అంటాడు.

కాబట్టి గడిలో అంకె చూడగానే ఇంకో ప్రశ్న వేసుకోండి: ఆ వయసులో ఈ మనిషి ఏం చేయగలిగేవాడు? ఏడేళ్ల పిల్ల చూస్తుంది, పద్నాలుగేళ్ల పిల్ల పని చేస్తుంది, ఇరవై రెండేళ్ల మనిషి ఆ పని మీదే పెళ్లి, అప్పు, ఉద్యోగం అన్నీ నిర్ణయించుకుంటాడు. అన్నదమ్ములిద్దరూ "మా చిన్నప్పుడు" అని మొదలుపెట్టి రెండు వేరే దేశాల గురించి చెబుతున్నట్టు చెబితే ఒకరు అబద్ధమాడుతున్నట్టు కాదు.

డబ్బు విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఉల్రికే మాల్మెండియర్, స్టెఫాన్ నాగెల్ అనే ఆర్థికవేత్తలు 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. తమ జీవితకాలంలో స్టాక్ మార్కెట్ పడిపోవడం ఎక్కువగా చూసినవాళ్లు దశాబ్దాల తర్వాత కూడా షేర్ల జోలికి తక్కువగా వెళ్తారని తేలింది. ఇటీవలి అనుభవానికే బరువెక్కువ, కానీ పాతది పూర్తిగా చెరిగిపోదు. నన్ను చూడండి, 2008లో పద్దెనిమిది, పైబ్యాచ్ వాళ్లకు వచ్చిన ఆఫర్ లెటర్లు వెనక్కి పోవడం కళ్లారా చూశాను. ఈ రోజుకీ చేతిలో ఇంకో ఆఫర్ లేకుండా ఉద్యోగం మానేసే మనిషిని చూస్తే నాకు టెన్షన్. నేను దాన్ని బుద్ధిమంతుడి లక్షణం అనుకుంటూ ఉన్నాను, మా మేనకోడలికి అది భయంలా కనిపిస్తుంది. తాతయ్య కవర్లు నాకు కనిపించినట్టే.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. "ఆ తరం అంతే, ఏదీ పారేయరు" అనేయడం తేలిక. అది తరమో, వయసో ఎలా తెలుస్తుంది? ఎనభై దాటిన వాళ్లు ఏ కాలంలోనైనా కాస్త జాగ్రత్తగానే ఉంటారేమో. పరిశోధకులకు కూడా ఇది తలనొప్పే, ఎందుకంటే వయసు, పుట్టిన ఏడు, ఇప్పటి ఏడు, ఈ మూడింట్లో రెండు తెలిస్తే మూడోది దానంతటదే వచ్చేస్తుంది, విడదీసి చూడటం కుదరదు. ఇంట్లో చేయగలిగింది ఒకటుంది: ఆ మనిషి మీ వయసులో ఎలా ఉండేవాడో సాక్ష్యం వెతకండి. పాత ఉత్తరాలు, లెక్కల పుస్తకం, అప్పటి స్నేహితులు. తాతయ్య ముప్పై ఐదేళ్లప్పటి డైరీ దొరికింది నాకు, అందులోనూ కవరు ముక్కలు అంటించి ఉన్నాయి. అంటే ముసలితనం కాదు. అదే డైరీలో శుభ్రమైన కొత్త పేజీలు దండిగా ఉండి ఉంటే నా కథ అక్కడే కూలిపోయేది.

ఇక అడగడం. "యుద్ధం రోజుల్లో ఎలా ఉండేది తాతయ్యా?" అని నేను మొదటిసారి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి అడిగితే, "ఏముంది, అందరికీ ఉన్నట్టే ఉండేది" అన్నారు. అంతే, పదకొండు సెకన్లు. పెద్ద ప్రశ్నకు చిన్న జవాబే వస్తుంది, అది మనిషి తప్పు కాదు, ప్రశ్న తప్పు. తర్వాతి వారం ఒక కవరు చేతికిచ్చి, "దీన్ని ముందు ఏ వైపు కోస్తారు, ఎవరు నేర్పారు?" అన్నాను. నలభై నిమిషాలు మాట్లాడారు. అందులో వాళ్ల అన్నయ్య వచ్చాడు, క్లాసులో పక్కన కూర్చునే కుర్రాడి దగ్గర పెన్సిల్ ముక్క దొంగతనం చేయడం వచ్చింది, రేషన్ క్యూలో నిలబడటానికి బడి ఎగ్గొట్టిన రోజులు వచ్చాయి, ఇవేవీ నేను అడగలేదు.

కాబట్టి వస్తువు పట్టుకుని అడగండి, లేదా చేతులతో చేసిన పని గురించి అడగండి. ఎవరు వెళ్లేవారు, ఎంతసేపు, ఏం తొడుక్కుని, వెనక్కి వచ్చాక అమ్మ ఏమనేది. "మీకు ఏమనిపించింది" అని మొదట్లో అడగకండి, అది తర్వాత దానంతటదే వస్తుంది. మాట ఆగితే మీరు అందుకోకండి, పది అంకెలు లెక్కపెట్టుకోండి, ఎక్కువసార్లు ఆరు దాటకముందే వాళ్లే మొదలుపెడతారు. ఇద్దరిని కలిపి కూర్చోబెట్టి అడిగితే గట్టిగా మాట్లాడేవాళ్ల కథే మిగులుతుంది, ముఖ్యంగా భార్యాభర్తల్లో, అందుకని విడివిడిగా. ఎక్కడైనా "అది వద్దులే" అంటే అక్కడితో వదిలేయండి. ఆ చోట కాగితం మీద చిన్న చుక్క పెట్టుకుంటే చాలు, మళ్లీ మళ్లీ గుచ్చడం మన హక్కేం కాదు.

తేదీలు తప్పు చెబితే మధ్యలో దిద్దకండి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. తప్పులే ఎక్కువ చెబుతాయి. ఇటలీలో తెర్ని అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊరుంది. అక్కడ లూయిజి ట్రస్తుల్లి అనే ఇరవై ఒక్కేళ్ల కార్మికుడు 1949 మార్చి 17న నాటో ఒప్పందానికి వ్యతిరేకంగా జరిగిన నిరసనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. దశాబ్దాల తర్వాత అలెస్సాండ్రో పోర్తెల్లి అనే పరిశోధకుడు ఆ ఊరి కార్మికుల జ్ఞాపకాలు రికార్డు చేస్తే, చాలామంది ఆ చావు 1953లో జరిగిందన్నారు. 1953లో ఆ ఫ్యాక్టరీ నుంచి రెండు వేల మందికి పైగా కార్మికుల్ని తీసేశారు, వీధుల్లో పెద్ద గొడవలు జరిగాయి. ఒక తోటి మనిషి పోతే ఏమీ చేయలేకపోయామన్న బాధ వాళ్లను వదల్లేదు. అందుకే జ్ఞాపకం ఆ చావును తీసుకెళ్లి తాము నిజంగా పోరాడిన ఏడాదిలో పెట్టింది. పోర్తెల్లి దాన్ని తప్పు అని కొట్టేసి ఉంటే ఊరి మనసు చేజారిపోయేది. మీ కాగితం మీదా అంతే, చెప్పిన ఏడు ఒక రంగులో, అసలు ఏడు ఇంకో రంగులో రాసుకోండి. మధ్య దూరం ఎందుకు వచ్చిందో తీరిగ్గా ఆలోచించొచ్చు.

పైగా మన జ్ఞాపకాలేమన్నా గొప్పవా? 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన మర్నాడే ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థుల చేత, ఆ వార్త ఎక్కడ విన్నారు, ఎవరు చెప్పారు అని రాయించుకున్నాడు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అదే అడిగితే, 11 మంది ముఖ్యమైన వివరాలన్నీ తప్పు చెప్పారు. అదీ అనుమానం లేకుండా, బాగా గుర్తున్నట్టు. ఇరవై ఏళ్లవాళ్లే అలా ఉంటే ఎనభై ఏళ్ల మనిషిని బోనులో నిలబెట్టినట్టు అడ్డు ప్రశ్నలు వేయడం ఏం న్యాయం?

వాళ్ల తప్పుల కంటే మనం కలిపే తప్పులు ప్రమాదం. జర్మనీలో హరాల్డ్ వెల్ట్సర్ అనే పరిశోధకుడి బృందం నలభై కుటుంబాల్లో తాత తరం, కొడుకుల తరం, మనవల తరం ముగ్గురినీ నాజీ కాలం గురించి విడివిడిగా, కలిపి అడిగింది. ఒక ముసలావిడ దాచుకోకుండా చెప్పింది: యుద్ధం ముగిశాక నిర్బంధ శిబిరం నుంచి బయటపడిన వాళ్లకు ఇంట్లో చోటివ్వమని అధికారులు అంటే, యూదులూ రష్యన్లూ తన ఇంటికి రాకుండా ముందే వేరేవాళ్లతో గదులు నింపేసిందట. అదే ఇంటి మనవరాలు ఏం చెప్పిందో తెలుసా, మా నాన్నమ్మ యూదుల్ని దాచి కాపాడింది అని. ఎవరూ కావాలని అబద్ధమాడలేదు. ప్రేమ ఉన్నచోట చెవులు అలా వింటాయి, మనవరాలికి నాన్నమ్మ మంచిదే అయి ఉండాలి. ఇలా పాతవాళ్లను వీరుల్ని చేసే ధోరణి చాలా ఇళ్లలో కనిపించింది.

దీనికి మందు ఒకటే నాకు తెలిసి. వాళ్లు అన్న మాట అన్నట్టే, ఆ వాక్యం, ఆ యాస, ఆ తడబాటుతో సహా రాసుకోండి, పక్కన తేదీ. మీ వ్యాఖ్యానం కింద వేరే పెన్నుతో. ఆర్నెల్ల తర్వాత ఎవరికైనా ఆ కథ చెప్పి, చెప్పాక రాసినదాంతో పోల్చుకుంటే చెమటలు పడతాయి. నేను చెప్పే కథలో తాతయ్య పెన్సిల్ ముక్క దొంగతనం ఎప్పుడో మాయమైపోయింది, రికార్డింగ్‌లో మాత్రం ఉంది.

పని ఎవరితో మొదలుపెట్టాలనేది అడగక్కర్లేదు, అందరికంటే పెద్దవాళ్లతో. యాన్ అస్మాన్ అనే జర్మన్ పండితుడి లెక్కలో నోటి మాటగా బతికే జ్ఞాపకం వయసు ఎనభై నుంచి వందేళ్లు, అంటే మూడు నాలుగు తరాలు. ఆ తర్వాత పుస్తకాల్లో, విగ్రహాల్లో ఉన్నదే ఉంటుంది, కవర్లు కోయడం లాంటివాటికి ఎవరూ విగ్రహం పెట్టరు.

చివరగా మీ వరుస, మీ తర్వాతివాళ్ల వరుస ఖాళీగా వదిలేయకండి. అందరూ పెద్దవాళ్లనే అడుగుతారు, చిన్నవాళ్లకు చరిత్ర ఉందని ఎవరికీ తోచదు. మా కాగితంలో తాతయ్యకు యుద్ధం ముగిసినప్పుడు 11, మేనకోడలికి కోవిడప్పుడు 11, ఇద్దరి గళ్లూ ఒకదాని కింద ఒకటి లేవు గానీ అంకె ఒకటే. మొన్న దాన్ని అడిగాను, 2020 అంటే నీకు మొదట ఏం గుర్తొస్తుందని. చనిపోయినవాళ్లు, ఆసుపత్రులు, మాస్కులు అంటుందనుకున్నాను. కాసేపు ఆలోచించి, "ఆన్‌లైన్ క్లాసులో అందరం కెమెరా ఆపేసుకునేవాళ్లం మామయ్యా, నల్ల గళ్లను చూస్తూ మేడమ్ ఒక్కరే మాట్లాడేవారు. ఒకసారి, ఎవరైనా ఉన్నారా అని అడిగితే నేను ఉండి కూడా పలకలేదు" అంది.

ఆ మాట అన్నది అన్నట్టే రాసి, తేదీ వేసి పెట్టాను. మూడేళ్లయ్యాక మళ్లీ అదే అడుగుతాను, పలికానంటుందో, పలకలేదంటుందో.